ఆకుపచ్చ వైరు

ఫ్రిజ్ వచ్చిన మధ్యాహ్నం అందులో పెట్టడానికి ఇంట్లో ఏమేం ఉన్నాయా అని భాగ్యశ్రీ వెతుక్కుంది. పాల ప్యాకెట్టు, టమాటాలు, కొత్తిమీర కట్ట, పొద్దున తోడేసిన పెరుగు గిన్నె. ఇవన్నీ సర్దినా అరలు బోసిగానే కనిపించాయి. మల్లెపూల పొట్లం పెట్టింది. ఇంకా చాల్లేదని భర్త రాఘవేంద్ర తిని మిగిల్చిన బొరుగుల పొట్లం కూడా పెట్టింది. బదిలీ అయి పోతున్న ఒక బ్యాంకు ఉద్యోగి దగ్గర కొన్న పాత ఫ్రిజ్ అది. తలుపు మీద ఎవరి పిల్లలో అంటించిన సీతాకోకచిలుక బొమ్మ సగం చిరిగి ఉంది. ఆ సగం కూడా ఆమెకు ముద్దుగానే అనిపించింది.

తలుపు మూసి, వెనక్కి జరిగి చూసుకుంది. వంటింటికి ఒక నిండుతనం వచ్చింది. గచ్చంతా తడిగుడ్డతో తుడిచి, ఐసు అయిందేమో చూద్దామని మళ్ళీ తలుపు పట్టుకుంది.

చేతికి జివ్వుమంది.

చీమ కుట్టిందనుకుంది. ఇంకోసారి పట్టుకుంది. ఈసారి జివ్వుమన్నది మోచేతి దాకా పాకింది. చెయ్యి వెనక్కి లాక్కుని గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఫ్రిజ్ మాత్రం ఏమీ ఎరగనట్టు సన్నగా గుర్రుపెడుతోంది.

సాయంత్రం రాఘవేంద్ర ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ బస్సు దిగి మెట్లెక్కి రాగానే ఎదురెళ్ళి చెప్పింది.

"బావా, ఫ్రిజ్ కొడతాంది."

"పెండ్లయి రెండు నెల్లు కాలే. నువ్వు కొట్టాల్సింది పోయి ఫ్రిజ్ కొడతాందా?" అని నవ్వుతూ నేరుగా పోయి తలుపు పట్టుకున్నాడు. ఏమీ కాలేదు. "చూడు. కరెంటంతా నీ చేతిలోనే ఉండాది."

"బూట్లిప్పి పట్టుకో."

"ఇప్పితే ఏమవుతాది?"

"ఇప్పు బావా!"

అతను మేజోళ్ళతో సహా విప్పి, కాళ్ళు కడుక్కుని వచ్చి, ఆమెను చూస్తూ విలాసంగా తలుపు మీద చెయ్యి వేశాడు. వెంటనే "అబ్బా!" అని ఎగిరి వెనక్కి దూకాడు. భాగ్యశ్రీకి నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూనే భయం పట్టుకుంది. ఆ చెయ్యి తీసి తన రెండు చేతుల్లో పెట్టుకుని వేళ్ళన్నీ నలిపి చూసింది.

ఆ రాత్రి వంటయ్యేలోపే అతను స్విచ్ బోర్డు మూత ఊడదీశాడు. లోపల గుడ్డ చుట్టిన పాతకాలపు వైర్లు పొడిపొడిగా రాలుతున్నాయి. ప్లగ్గుకు మూడు బొక్కలున్నా, మూడో బొక్క వెనక ఏ వైరూ లేదు. ఎర్త్ అన్నదే ఆ ఇంటికి లేదు.

కింద ముందు భాగంలో ఉండే ఇంటి ఓనరు లక్ష్మీదేవి మరునాడు వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. భాగ్యశ్రీ ఆమె పక్కనే చతికిలబడి తానూ నాలుగు గింజలు తీసి, మెల్లగా సంగతి చెప్పింది.

"ఎర్తింగా? ఈ ఇల్లు మా మామ కట్టిచ్చింది. ఇన్నేండ్లు ఎవురికీ కొట్టని కరెంటు నీకే కొడతాందా?" అంది లక్ష్మీదేవి, గింజను దూరంగా విసురుతూ. "చెప్పులేసుకో. రబ్బరు చెప్పులు. సరిపోతాది."

"వంటింట్లో చెప్పులా అక్కా?"

"మీ అమ్మ చూస్తాందా? వేసుకో." తర్వాత గొంతు కొంచెం మారింది. "చూడమ్మే, మీకు ముందుండినోళ్ళు వైరింగ్ అని గోడ తవ్వినారు. సామాన్లు వీధిలో పెట్టిచ్చినా. నా గోడల మీద, నా వైర్ల మీద చెయ్యి పెట్టినారంటే మీరైనా అంతే. ముందే చెప్తాండా."

"అట్లే అక్కా" అంది భాగ్యశ్రీ. ఆ మాట ఎంత తొందరగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. మేడ మీది ఆ రెండు గదులంటే ఆమెకు అంత ఇష్టం. పొద్దున వంటింటి కిటికీలోంచి ఎండ పడి స్టీలు డబ్బాలన్నీ మెరిసేవి. సాయంత్రం పై మెట్టు మీద ఇద్దరూ ఇరుక్కుని కూర్చుని ఒకే గ్లాసులో టీ తాగేవారు. ఎవరైనా "ఇల్లు ఖాళీ చెయ్యండి" అంటారన్న ఆలోచనే ఆమె భరించలేకపోయింది.

రాఘవేంద్ర నీలం రంగు రబ్బరు చెప్పులు కొనుక్కొచ్చాడు. ధర్మవరంలో ఉన్న అమ్మకు తెలిస్తే పొయ్యి దగ్గర చెప్పులేమిటని శాపనార్థాలు పెడుతుంది. కానీ మెత్తగా, కాలికి అచ్చంగా సరిపోయి, నడుస్తుంటే చప్పచప్పమనే ఆ చెప్పులు భాగ్యశ్రీకి నచ్చాయి.

ఆదివారం అతనికి సెలవు. పొద్దున్నే బాత్రూం బల్బు హోల్డరు మార్చాడు. కారే కొళాయికి వాషరు వేశాడు. ఊగే కిటికీ రెక్కకు మేకు కొట్టాడు. ఒక్కొక్కటి అయినప్పుడల్లా భాగ్యశ్రీ "శెభాష్" అని చప్పట్లు కొట్టింది. చివరికి అతను జేబులోంచి చుట్ట చుట్టిన ఆకుపచ్చ వైరు తీశాడు.

"ఫ్యాక్టరీలో ప్రతి మిషనుకూ ఇట్లాంటి వైరు ఒకటి నేల్లోకి పోతాది. కరెంటు కారినా మనిషిని వదిలేసి నేల్లోకి దిగిపోతాది."

"మనం మేడ మీద ఉండామే. నేల యాడుండాది?"

"అదో." వంటింటి మూల నిలువునా ఉన్న ఇనుప పైపును చూపించాడు. ట్యాంకు నుంచి దిగే ఆ పైపు వాళ్ళ కొళాయికి ఒక కొమ్మ ఇచ్చి, గోడ వెంబడే కిందికి పోయి, వెనక పోర్షన్ వాళ్ళ బట్టలుతికే బండ దగ్గర ఇంకో కొళాయి ఇచ్చి, అక్కడి నుంచి నేల్లోకి దిగిపోతుంది. "గోడ తవ్వేది లేదు, వాళ్ళ వైర్లు ముట్టుకునేది లేదు. ఆయమ్మ మాట దాటినట్టు కూడా కాదు."

భాగ్యశ్రీ గుమ్మం దగ్గర కాపలా నిలబడింది. అతను గరుకు కాగితంతో పైపు మీది తుప్పు గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాడు. వైరు కొసను పళ్ళతో లాగి తోలు ఊడదీసి, రాగి పోగులు మెలిపెట్టి పైపు చుట్టూ బిగించి, నల్ల టేపు చుట్టాడు. రెండో కొసను ఫ్రిజ్ వెనక బోల్టుకు కట్టాడు. వైరు కనిపించకుండా గిన్నెల స్టాండు అడ్డం జరిపాడు.

అంతలో కింది నుంచి కేక వినిపించింది. "ఏమ్మే కొత్త పెండ్లికూతురా! పైన నీళ్ళొస్తాండాయా? ఈడ సన్నంగా వస్తాండాయి."

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వెనక పోర్షన్లో ఉండే షంషాద్‌బీ ఆమె. భర్త ఖాదర్‌వలి పెనుకొండ బస్టాండులో పండ్ల బండి పెట్టుకుని పొద్దున పోతే రాత్రికి వస్తాడు. ఆమె ఇంట్లో కూర్చుని పట్టుచీరల కొంగులకు కుచ్చులు కడుతుంది. అన్నీ ధర్మవరం చీరలే. తన ఊరి చీరలు ఆమె ఒళ్ళో చూసినప్పుడల్లా భాగ్యశ్రీ కాసేపు ఆగి, ఆ వేళ్ళు పట్టుపోగులను విడదీసి, పురిపెట్టి, ముడి వేసే తీరు చూస్తూ ఉండిపోయేది. కళ్ళు చూడకపోయినా వేళ్ళే చూసుకునేవి.

"వస్తాయి షంషాదక్కా, ఇప్పుడే కొళాయి మూసేస్తి!" అని కిటికీలోంచి బదులిచ్చింది. అబద్ధం చెప్పడం ఇంత సులువా అని నాలుక కొరుక్కుంది.

చెప్పులు విప్పి, తడి గచ్చు మీద నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని ఫ్రిజ్ పట్టుకుంది. ఏమీ లేదు. రెండు చేతులతో పట్టుకుంది. చెంప కూడా ఆనించింది. చల్లగా ఉంది, అంతే.

"బావా, నువ్వు ఇంజనీరువి!"

"డిప్లొమానే" అన్నాడు అతను, కానీ మొహం వెలిగిపోయింది.

ఆ వారం ఆమె రోజూ ఐసు చేసింది. నిమ్మకాయ నీళ్ళు చేసి కిందికి షంషాద్‌బీకి కూడా ఒక గ్లాసు ఇచ్చి వచ్చింది. చెప్పులు మాత్రం వదల్లేదు. అలవాటైపోయాయి.

బుధవారం లక్ష్మీదేవి ప్లంబరును పిలిపించింది. వెనక కొళాయి కింద పైపు తుప్పు పట్టి నీళ్ళు కారి గోడ నానిపోతోందని షంషాద్‌బీ ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటోంది. ప్లంబరు కొళాయి కిందనున్న ఇనుప ముక్కను కోసి పారేసి, నేల్లోకి పోయేదాకా తెల్లటి ప్లాస్టిక్ పైపు వేశాడు. భాగ్యశ్రీ కిటికీలోంచి చూసి, "ఇప్పుడు బాగుండాది అక్కా, కొత్తగా!" అంది.

"అడగంగా అడగంగా ఇప్పటికి అయ్యింది" అని షంషాద్‌బీ పైకి చూసి నవ్వింది.

మరునాడు పొద్దున షంషాద్‌బీ అరుపు విని భాగ్యశ్రీ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. బకెట్ పక్కకు దొర్లిపోయి ఉంది. షంషాద్‌బీ కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని బండ మీద కూలబడింది. లక్ష్మీదేవి ముందు వైపు నుంచి నింపాదిగా వచ్చింది.

"ఏమైంది?"

"కొళాయి పట్టుకుంటే చెయ్యి లాగేసింది అక్కా. కరెంటు."

"కొళాయిలో నీళ్ళొస్తాయి గానీ కరెంటెట్లొస్తాదమ్మే? వచ్చేదుంటే బిల్లు మిగిలేది నాకు!"

పైన భాగ్యశ్రీకి కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వు పెదవుల మీదికి రాకముందే ఆమె చూపు తెల్ల పైపు మీద పడింది. దాని పైన ఇనుము, దాని కింద మట్టి. మధ్యలో ప్లాస్టిక్.

ప్లాస్టిక్‌లో కరెంటు పోదు. ఆ సంగతి ఆమెకు ఏడో తరగతి నుంచీ తెలుసు.

కిటికీ వదిలి లోపలికొచ్చింది. చెప్పులు విప్పింది. చెంబుతో కాసిని నీళ్ళు గచ్చు మీద పోసి అందులో నిలబడి, తన వంటింటి కొళాయిని చూపుడువేలి వెనక వైపుతో తాకింది. జివ్వుమని భుజం దాకా కొట్టింది. చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది. గోడ దగ్గరికి పోయి ఫ్రిజ్ ప్లగ్గు పీకేసి, మళ్ళీ తాకింది. ఏమీ లేదు. చల్లటి ఇనుము.

ఫ్రిజ్‌లోంచి కారే కరెంటు ఆకుపచ్చ వైరు మీదుగా పైపులోకి దిగి, నేలకు దారి లేక, కొళాయి పట్టుకున్న మనిషి కోసం కాచుకుని ఉంది. చెప్పులేసుకున్న తనకు తెలియలేదు. తడిబండ మీద వట్టి కాళ్ళతో కూర్చున్న మనిషికి తెలిసింది.

మెట్లు సగం దాకా పరిగెత్తుకుని దిగింది. కింద లక్ష్మీదేవి గొంతు వినిపించింది.

"నువ్వు షుగరు చూపిచ్చుకున్నావా? షుగరుంటే చేతులట్లే తిమ్మిరెక్కుతాయి. ముందు ఆ పని చూడు."

భాగ్యశ్రీ మెట్ల మధ్యలోనే ఆగింది. సామాన్లు వీధిలో పెట్టిచ్చినా. లక్ష్మీదేవి అన్న ఆ మాట చెవుల్లో అట్లాగే ఉంది. మంచం, డబ్బాలు, ఫ్రిజ్ అన్నీ వీధిలో ఎండలో ఉన్నట్టు, దార్న పోయేవాళ్ళు సీతాకోకచిలుక బొమ్మను చూస్తున్నట్టు కళ్ళ ముందు కనబడింది. తిరిగి పైకొచ్చేసింది. ఫ్రిజ్ ప్లగ్గు మళ్ళీ పెట్టలేదు. ఫ్యాక్టరీ లోపల ఫోన్లు ఉంచుకోనివ్వరు కాబట్టి రాఘవేంద్రకు చెప్పే దారి లేదు. ఐసు కరిగి ఫ్రిజ్ కింద నీళ్ళు చేరాయి. తుడిచింది, పిండింది, మళ్ళీ తుడిచింది. కింద బిందె చప్పుడైన ప్రతిసారీ, ప్లగ్గు పీకేసి ఉందని తెలిసినా పోయి చూసుకుని వచ్చింది.

రాఘవేంద్ర వచ్చి విని, బూట్లు కూడా విప్పకుండా గిన్నెల స్టాండు పక్కకు లాగి వైరు ఊడదీశాడు. పైపు మీద గీకిన చోటు తళతళలాడుతుంటే తమలపాకు సున్నం తీసి పూశాడు.

"ఎవురికీ చెప్పాకు" అన్నాడు.

"షంషాదక్కకైనా?"

"ఆమెకు చెప్తే ఆయమ్మకు చెప్పినట్టే. తీసేస్తిమి కదా. ఇంక ఎవురికీ కొట్టదు. అయిపాయ." అని ఆగి, "నేను కావాలని చేస్తినా చెప్పు?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"లేదు బావా" అంది. అతని మాట సబబుగానే తోచింది. కొట్టేది లేనప్పుడు చెప్పేదేముంది? అన్నం వడ్డించింది. ఇద్దరూ సగం తిని లేచారు.

పొద్దున అతను బస్సుకు పోయిన కాసేపటికి వెనక నుంచి పిలుపొచ్చింది.

"భాగ్యా! ఓ భాగ్యా! కిందికి రామ్మా, పనుండాది."

దిగేసరికి లక్ష్మీదేవి కొళాయి పక్కన నడుం మీద చెయ్యేసుకుని ఉంది. మొహం ఎర్రగా ఉంది. ముందు వైపు ఖాళీగా ఉన్న గది చూడటానికి గుడిబండ నుంచి ఎవరో వచ్చారట. సందు మొదట్లో ఎవరో "ఆ ఇంట్లో కొళాయికి కరెంటొస్తాదంట" అనగానే లోపలికి కూడా రాకుండా తిరిగిపోయారట.

"నా ఇంటికి కరెంటిల్లని పేరు పెట్టింది ఈమె" అంది షంషాద్‌బీని చూపిస్తూ. షంషాద్‌బీ గుమ్మంలో నిలబడి ఉంది, ఒళ్ళోంచి దించిన చీర ఇంకా చేతిలోనే ఉంది. "అదో, పట్టుకుంటాండా. చెప్పులు కూడా లేవు." లక్ష్మీదేవి తడిబండ మీద నిలబడి కొళాయిని పిడికిలితో పట్టుకుంది. "యాడ కరెంటు? యాడ? భాగ్యా, నువ్వు చదువుకున్నదానివి. రా, నువ్వూ పట్టుకో. రా అంటే!"

భాగ్యశ్రీ చెప్పులు విడిచింది. బండ మీదికెక్కి కొళాయి మీద చెయ్యి వేసింది.

"కొడతాందా?"

"...లేదక్కా."

అది నిజమే. నోట్లోంచి వచ్చాక ఎంత పెద్ద అబద్ధంగా వినిపించిందో.

"ఇంక నువ్వు రా" అని లక్ష్మీదేవి షంషాద్‌బీని పిలిచింది. షంషాద్‌బీ చీరను జాగ్రత్తగా గడప లోపల పెట్టి వచ్చింది. వేలితో ఒకసారి తాకింది. తర్వాత అరచేత్తో. అట్లాగే కాసేపు ఉంచింది. ఆమె మొహంలో కోపం రాలేదు. ఇంకేదో వచ్చింది. చెయ్యి తీసి వేళ్ళ వైపు చూసుకుంది. బొటనవేలు, చూపుడువేలు రాసి, లేని పట్టుపోగుకు పురిపెట్టినట్టు తిప్పి చూసుకుంది.

"నిన్న కొట్టింది" అంది మెల్లగా. "నిన్న తప్పకుండా కొట్టింది. అట్లయితే నా చేతుల్లోనే ఏమో వచ్చినట్టుండాది. రాత్రి నుంచీ ముడి సరింగా పడతా లేదు. నరాలేమో." కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది. "అనంతపురం పెద్దాసుపత్రికి పోయి చూపిచ్చుకుంటా."

"ఆసుపత్రికే పో, యాడికన్నా పో" అంది లక్ష్మీదేవి. "ఇల్లు మాత్రం చూసుకో. ఈ నెలతో ఆఖరు."

షంషాద్‌బీ ఆ మాట విన్నట్టే లేదు. ఇంకా వేళ్ళే తిప్పి చూసుకుంటోంది.

భాగ్యశ్రీ వెనక్కి తిరిగి మెట్లెక్కింది. పైకి పోయేదాకా ఏం చెయ్యబోతోందో ఆమెకే తెలియదు. రాఘవేంద్ర చుట్ట చుట్టి అటక మీద పెట్టిన వైరు అందక, స్టూలు లాక్కుని ఎక్కి తీసుకుంది. దిగి వచ్చి దాన్ని బట్టలుతికే బండ మీద పెట్టింది.

"ఇది మా ఫ్రిజ్‌ది. మా ఫ్రిజ్ కొడతాంటే ఈ పైపుకు కట్టుకుంటిమి. మొన్న ఈడ ప్లాస్టిక్ పైపేసినాక కరెంటు నేల్లోకి పోకుండా కొళాయిలోనే నిలిచిపోయింది. నిన్న సాయంత్రం ఊడదీస్తిమి. అందుకే ఇప్పుడు కొట్టలేదు. షంషాదక్క చేతులకేమీ కాలేదు."

ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

లక్ష్మీదేవి వైరును, ఆమెను మార్చి మార్చి చూసింది. మళ్ళీ కొళాయి మీద చెయ్యి వేసి, దాని మీదికి ఒరిగి, పెద్దగా నవ్వింది.

"ఆమె మీద జాలిపడి కత చెప్తాండావు. ఇంత సన్న వైరుతో కొళాయికి కరెంటొస్తాదంట! ఇద్దరూ కూడబలుక్కున్నారా నా ఇంటి మీద?"

"నిజమక్కా."

"నేను నమ్మను."

షంషాద్‌బీ వంగి బండ మీది వైరు తీసుకుంది. రాగి పోగులు విచ్చుకున్న కొసను వేళ్ళతో మెలిపెట్టింది. పోగులు సన్నగా, గట్టిగా, ఒకే పురిగా అయ్యాయి. దాన్ని భాగ్యశ్రీకి చాచింది.

"పో తల్లీ. పైకి పోయి మళ్ళా కట్టు. అక్క పట్టుకోనుండాది కదా, అట్లే పట్టుకోనుండనీ."

ఎవరూ కదల్లేదు. ఎవరూ మెట్లెక్కలేదు, ఎక్కడా ఏ స్విచ్చూ వెయ్యలేదు. కానీ లక్ష్మీదేవి చెయ్యి కొళాయి మీంచి జారి, మెల్లగా చీరకొంగు లోపలికి పోయింది. ఆమె బండ దిగి పొడినేల మీద నిలబడింది.

"వైర్‌మన్‌ను పిలిపిస్తాలే" అంది, గోడ వైపు చూస్తూ. "ఎర్తో గిర్తో, ఏదుంటే అది వేసి పోతాడు." నాలుగడుగులు వేసి ఆగింది. "మీరు మాత్రం ఇల్లు చూసుకోండి భాగ్యా. చెప్పినా కదా ముందే."

"సరే అక్కా" అంది భాగ్యశ్రీ. "మరి షంషాదక్క?"

"ఆమెనేమంటి నేనిప్పుడు?" అని విసుక్కుంటూ లక్ష్మీదేవి ముందు వైపుకు వెళ్ళిపోయింది.

ఇద్దరే మిగిలారు. ఏదైనా అంటుందేమోనని భాగ్యశ్రీ చూసింది. షంషాద్‌బీ గడప మీద కూర్చుంది.

"నిన్న ఎప్పుడు తెలిసింది నీకు?"

"పొద్దున్నే అక్కా. నువ్వు అరిచినప్పుడే."

షంషాద్‌బీ తలూపింది. ఆ ఊపులో తిట్టూ లేదు, పోనీలే అన్నదీ లేదు. కాలితో బిందెను ముందుకు జరిపింది.

"నీళ్ళు పట్టియ్యి."

భాగ్యశ్రీ తడిబండ మీద కూర్చుని, వట్టి చేత్తో కొళాయి తిప్పింది. ధార సన్నగా పడుతోంది. షంషాద్‌బీ నీళ్ళ వైపు చూడలేదు. బిందె నిండి పొర్లిపోయేదాకా, కొళాయి పట్టుకున్న ఆ చేతినే చూస్తూ కూర్చుంది.